పడవ గదికి కర్టెన్లు

మొన్న తెనాలిలో కర్టెన్ల షాపుకి వెళ్ళి, కిటికీ అడుగున్నర ఎత్తు అనగానే షాపాయన బాత్రూమ్ కిటికీయా అని అడిగాడు. కాదండి, పడవకి అంటే నోరు తెరిచాడు. కొన్నేళ్ళ కిందట మా పిన్నితో వచ్చినప్పుడూ ఆయన సరిగ్గా ఇలాగే తెరిచాడు.

రేపల్లెలో బడిపంతులుగా రిటైరైన మా బాబాయికి పడవల పిచ్చి. అందరూ డాబా మీద గది వేసుకుంటే, ఈయన పెనుమూడి రేవులో పాత తెరచాప పడవ కొని దాని మీద గది వేయించాడు. రెండు బల్లలు, ఒక స్టవ్వు, నాలుగు కిటికీలు. ఆయన కోరికల్లా పిన్నిని ఎక్కించుకుని కృష్ణలో తిరగాలని. పిన్నికేమో మోకాలి లోతు నీళ్ళన్నా హడల్. ఆ మాట మొగుడితో చెప్పడం నామోషీ. అందుకని కర్టెన్లు లేని గదిలో కూర్చోనని మొండికేసింది. నీళ్ళు కంటపడకపోతే ఇంట్లో ఉన్నట్టే ఉంటుందని నాకు మాత్రం గుట్టుగా చెప్పింది.

ఇద్దరం రైలెక్కి తెనాలి వచ్చాం. సగం షాపు కిందికి దింపించి, చివరికి చుట్టాలొచ్చే హాలుకి వేసేలాంటి మెరూన్ వెల్వెట్ తీసుకుని, కుచ్చులతో సహా కుట్టించింది. వెలుగు కూడా లోపలికి రాకూడదట!

ఆదివారం చర్చి అవగానే పులిహోర డబ్బాతో పడవెక్కాం. బాబాయి తెరచాప ఎత్తాడు. గాలికి పడవ అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. ఊగినప్పుడల్లా ఒక్కో పక్క కర్టెన్లు కిటికీలను వదిలేసి గది మధ్యకొచ్చి వేలాడాయి. కుచ్చులు పులిహోరలో పడ్డాయి. కిటికీల నిండా నీళ్ళే. ఇంటి గోడల్లా పడవ గోడలు నిలకడగా ఉండవన్న సంగతి మా బుర్రలకి తట్టనేలేదు. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తే వెనక్కి పోదాం," అన్నాడు బాబాయి. ఆయన మొహం చిన్నబోయింది. పాపం, ఎన్నాళ్ళ కోరికో.

పిన్ని ఆ మొహం చూసింది. "భయమెవరికండి? కర్టెన్లు కుదర్లేదంతే," అంది.

బయటికెళితే పిన్ని సంచిలో లంగా బొందులు, పిన్నీసు ఉండి తీరాలి. ఒక్కో బొందుకి పిన్నీసు గుచ్చి, కర్టెన్ల కింది మడతలోంచి దూర్చి, రెండు కొసలూ కిటికీ కిందున్న మేకులకి బిగించి కట్టసాగింది. కట్టాలంటే కిటికీకి మొహం ఆనించక తప్పదు. మొదటిదానికి కళ్ళు మూసుకునే కట్టింది. రెండోదానికి ఒక కన్ను తెరిచింది. చివరి కిటికీ దగ్గర చేతిలో బొందు అలాగే ఉండిపోయింది.

"ఏవండీ, ఆ ఇసకతిన్నె మీద అన్ని కొంగలేంటండి?" అంది.

బాబాయి ఏం చెప్పాడో గుర్తులేదు. ఆయన గొంతులో సంతోషం మాత్రం గుర్తుంది. ఆ కిటికీకి బొందు కట్టనేలేదు.

మొన్న షాపాయన మళ్ళీ వెల్వెట్టే తీయబోతే వద్దన్నాను. పాతవి వెలిసిపోయాయని ఫోన్ చేసిన పిన్ని ఒక్కటే చెప్పింది: "పల్చటిది తేవే, నీళ్ళు కనపడాలి." ఆ మెరూన్ రంగు ఎప్పుడు పోయిందో, పిన్ని భయం ఎప్పుడు పోయిందో, ఇన్నేళ్ళలో ఫలానా రోజని మాలో ఎవరం చెప్పలేం.