తెలుగు లోయర్

బి.ఏ. అయిన తర్వాత రెండేళ్లు నేను ఇంట్లో ఖాళీగా ఉన్నానని మా చుట్టాలు అనుకునేవారు. ఆ రెండేళ్లలో నేను మూడు పరీక్షలు ప్యాసయ్యాను: ఇంగ్లీషు టైపు లోయర్, తర్వాత హయ్యర్, ఆ తర్వాత తెలుగు టైపు లోయర్. పొద్దున్నే పటమటలో బస్సెక్కి గవర్నర్‌పేటలో మేడమీది టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లేదాన్ని. అన్ని మిషన్లూ ఒక్కసారిగా మోగుతుంటే ఎవరూ ఎవరినీ పలకరించే వీలుండదు. నాకు అదే హాయిగా ఉండేది. షార్ట్‌హ్యాండ్‌లో కూడా చేరాను గానీ, రాసుకున్నది లేచి నిలబడి పైకి చదవమనేవారు. రెండు నెలలకే మానేశాను.

అప్పుడు ఊళ్లోనే ఒక ఆడపిల్లల కాలేజీ లైబ్రరీకి అసిస్టెంటు కావాలని పేపర్లో పడింది. డిగ్రీ ఉండాలి, టైపు తెలిసుండాలి. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: ‘ఈ ఉద్యోగం నాకు కావాలి.’ నాన్నగారు హైస్కూలు మాస్టారు. ఇది రాకపోతే జూన్‌లో బి.ఎడ్.లో చేరాలని ముందే చెప్పేశారు. నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం తలుచుకుంటేనే నా అరచేతులు చెమట పట్టేవి.

బయోడేటా నాన్నగారే చిత్తు రాసిచ్చారు. బి.ఏ., సెకండ్ క్లాస్. దాని కింద: టైపు హయ్యర్, షార్ట్‌హ్యాండ్.

“తెలుగు లోయర్ వదిలేశారు నాన్నగారూ,” అన్నాను.

“వదిలెయ్యలేదు, తీసేశాను. డిగ్రీ కింద లోయర్ అని రాస్తే ఏం బావుంటుంది? మనల్ని మనమే తక్కువ చేసుకున్నట్టు.”

“షార్ట్‌హ్యాండ్ నేను ప్యాసవలేదు కదండీ.”

“ప్యాసయ్యావని రాశానా? షార్ట్‌హ్యాండ్ అని రాశాను. రెండు నెలలు వెళ్లావా లేదా?”

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. “పోనీ లోయర్ అన్నచోట ఇంకేదన్నా మంచి మాట పెట్టకూడదూ?”

పరీక్ష పేరే అదని చెప్పబోయి ఊరుకున్నాను. చిత్తు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో కాగితం, కార్బన్, కింద ఇంకో కాగితం ఎక్కించి బి.ఏ. దాకా కొట్టాను. అక్కడ చేతులు ఆగిపోయాయి. ప్యాసైంది దాచి, ప్యాసవనిది చూపించమంటున్నారు. అడిగితే ఏమని చెప్పను? అబద్ధం చెప్పాలంటే ధైర్యం కావాలి. నాకు నిజం చెప్పడానికే గొంతు పెగలదు. చివరికి ‘డిగ్రీ తర్వాత ప్యాసైన పరీక్షలు’ అని ఇంగ్లీషులో ఒక శీర్షిక కొట్టి, దాని కింద ఇంగ్లీషు హయ్యర్ వేశాను.

టైపు నేర్పే మాస్టారు వెనకాల నిలబడి చూస్తున్నారు. “రెండోది ఏం కొడతావమ్మాయ్?”

“తెలుగు లోయరండీ.”

“హయ్యర్ ఉండగా లోయర్ ఎందుకు?”

“అది ఇంగ్లీషు కదండీ.”

“అదీ నిజమే. తెలుగు అన్న మాట ముందు కొట్టు మరి. లేకపోతే వాళ్ల కళ్లు లోయర్ దగ్గరే కూర్చుంటాయి.”

షార్ట్‌హ్యాండ్ కొట్టలేదు. నాన్నగారికి చూపించకుండానే కవరు అంటించి పోస్టులో వేశాను. అంతకుముందు ఆయనకు తెలియకుండా నేను చేసిన పని ఒక్కటీ లేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు: ప్రిన్సిపాలుగారు, లైబ్రేరియన్‌గారు, కమిటీ తరఫున ఒక పెద్దాయన. ఆయన కాగితం దూరంగా పట్టుకుని చదివి నవ్వారు.

“ఏమ్మా, అందరూ పైకి చదువుతారు. నువ్వు బి.ఏ. అయ్యాక లోయర్‌కి దిగావేంటి?”

బల్ల అంచు చూస్తూనే అన్నాను. “తెలుగులో మొదటి పరీక్ష అదేనండీ. ఇంగ్లీషులో హయ్యర్ ప్యాసయ్యాను.”

“షార్ట్‌హ్యాండో?”

“రెండు నెలలు వెళ్లి మానేశానండీ. రాదు.”

పెద్దాయన కాగితం బల్లమీద పెట్టేశారు. లైబ్రేరియన్‌గారు దాన్ని తనవైపు లాక్కున్నారు.

“ఉండండి బాబాయిగారూ. మన పుస్తకాల్లో సగం తెలుగువే. కేటలాగు కార్డులన్నీ చేత్తో రాయలేక చస్తున్నాను. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లలో తెలుగు టైపు అని ఒక్కరన్నా రాశారా?”

ఆఫీసు గదిలో గుడ్డ కప్పి ఉన్న తెలుగు మిషను దగ్గరకు నన్ను తీసుకెళ్లి, ఒక పుస్తకమూ ఒక అట్టకార్డూ ఇచ్చి, పుస్తకం పేరూ రాసినవారి పేరూ దానిమీద కొట్టమన్నారు. తెలుగు మిషనులో కొన్ని మీటలు నొక్కితే గుర్తు అచ్చవుతుంది గానీ కాగితం జరగదు. తర్వాత అక్షరం కొట్టాకే ముందుకు పోతుంది. కంగారులో ఆ సంగతి మరిచి రెండుసార్లు నొక్కాను. ఒత్తు మీద ఒత్తు పడి నల్లటి మచ్చయింది. పెద్దాయన గుమ్మంలోంచి “అయిందా?” అన్నారు.

“కాలేదండీ. ఇంకో కార్డు కావాలి.” ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

రెండో కార్డు శుభ్రంగా వచ్చింది. లైబ్రేరియన్‌గారు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, తన పుస్తకంలో పెట్టుకున్నారు. వేసవి సెలవుల దాకా టెంపరరీగా తీసుకుంటామని, సోమవారం రమ్మని ప్రిన్సిపాలుగారు చెప్పారు.

ఇంటికొచ్చి, ఉద్యోగం వచ్చిందని చెప్పి నాన్నగారి చేతికి బయోడేటా కార్బన్ కాపీ ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు.

“షార్ట్‌హ్యాండ్ అడిగారా?”

“అడిగారండీ. రాదని చెప్పాను.”

“చెప్పినా ఇచ్చారా?”

“తెలుగు లోయర్ చూసి ఇచ్చారు నాన్నగారూ.”

ఆయన జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, ఒక స్పెల్లింగు తప్పు కింద గీత గీసి, కాగితం నాకు తిరిగిచ్చారు. అది పట్టుకుని నేను లోపలికి వెళ్లి, తెలుగు హయ్యర్ పరీక్షకు ఫారాలు ఎప్పుడిస్తారో మాస్టారిని అడగాలని డైరీలో రాసుకున్నాను.