ఐస్ డబ్బాలో మొసలి గుడ్డు

ఆ రోజు మా కోడలు స్రవంతి జనగామలోని తల్లిగారింటి నుంచి వచ్చి, ఎడమ కాలి చెప్పు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ మా భూపాలపల్లి క్వార్టర్ గడప ఎక్కింది. పిక్క ఉబ్బి నున్నగా మెరుస్తోంది. చెప్పు పట్టడం లేదు. "మీ అమ్మ పెట్టిన తిండంత ఒక్క కాలికే పోయిందా బిడ్డా?" అన్నాను. ఎప్పుడూ నవ్వే పిల్ల ఆ రోజు నవ్వలేదు. పిక్క మీద చెయ్యి వేస్తే కాలుతోంది.

మా కాలనీలో నన్ను కోతల కమలమ్మ అంటారు. మా ఆయన, మా కొడుకు రాజు బొగ్గుబాయిలోంచి బొగ్గు తీస్తే నేను గాలిలోంచి కథలు తీస్తానని వాడకట్టు మాట. ఈ పేరు ముందే చెప్పడం ఎందుకంటే, నా కోతలే ఒకసారి మా కోడలి ప్రాణం మీదికి తేబోయాయి.

వరంగల్‌లో కాలికి డాప్లర్ స్కాన్ తీశారు. సిరలో రక్తం గడ్డకట్టింది, డీవీటీ అన్నాడు డాక్టరు. ఇరవై ఆరేళ్ల పిల్లకు ఇది ఎందుకు వచ్చిందని ఆయనకే అనుమానం కలిగి, ఇంతకుముందు అబార్షన్లు ఏమైనా అయ్యాయా అని అడిగాడు. నేను అందుకుని, "ఒక్కటి సార్" అన్నాను.

నిజానికి రెండు. రెండోది ఐదో నెలలో పోయింది. దాన్ని దాచడానికి వీల్లేకపోయింది. మొదటిది మూడో నెల నిండకముందే పోయింది. పిల్లను ఎవరూ ఒక మాట అనకూడదని, అది కడుపే కాదని, పెళ్ళి భోజనం పడక వచ్చిన కడుపునొప్పి అని వాడకట్టు మొత్తాన్నీ నమ్మించాను. చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశాను.

స్రవంతి తల ఎత్తకుండానే, "రెండు సార్. మొదటిది పది వారాలకు" అంది.

డాక్టరు రాయడం ఆపి ఇద్దరినీ చూశాడు. "అమ్మా, మీరు చెప్పిన ఒకటి దగ్గరే ఆగి ఉంటే కాలికి మందు రాసి పంపించేవాణ్ణి" అన్నాడు నాతో. తర్వాత కాగితం, కలం స్రవంతి చేతికిచ్చి ఏది ఏ వారంలో పోయిందో రాయమన్నాడు. కలం నా వైపు రానివ్వలేదు.

ఆ కాగితం చూశాకే అసలు రక్త పరీక్షలు రాశాడు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, ఇంకొకటి నాకు ఇప్పటికీ నోరు తిరగదు. మూడూ పాజిటివ్. పన్నెండు వారాలు ఆగి మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. జబ్బు పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. ఏపీఎస్ అంటారు. రోగాలతో కొట్లాడవలసిన యాంటీబాడీలు దారి తప్పి సొంత ఒంటి మీదికే వస్తాయట. రక్తం గడ్డలు కడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు మాయ దెబ్బతిని బిడ్డకు అందవలసింది అందదు. "ఇందులో మీ కోడలు చేసిన తప్పేమీ లేదు" అన్నాడాయన. నీళ్ల బిందె ఎత్తినందుకే పోయిందని రెండేళ్లుగా లోలోపల కుమిలిన పిల్ల ఆ మాటకు అక్కడే ఏడ్చింది.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు రోజూ పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్, చిన్న డోసు ఆస్పిరిన్ మాత్ర ఇచ్చారు. చాలామందికి వీటితోనే బిడ్డ దక్కుతుందన్నారు. సూది వేయడం నర్సు దగ్గర నేనే నేర్చుకున్నాను. ఒక్క చోట కూడా కమలలేదంటే అది కోత అవుతుంది. నాలుగైదు చోట్ల కమిలింది. ఆరో నెలలో బీపీ పెరిగింది, బిడ్డ ఎదుగుదల ఆగింది, ఒకనాటి స్కానులో గుండె చప్పుడు వినిపించలేదు. మగపిల్లవాడు. ఇంటికి వచ్చాక పక్క క్వార్టర్ ఆమె ఏమైందని అడిగితే నా నోట ఒక్క కథ కూడా రాలేదు.

ఏడాది దాటాక హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె రిపోర్టులన్నీ చూసి, మళ్ళీ ప్రయత్నిస్తే హెపారిన్‌కు, ఆస్పిరిన్‌కు తోడుగా ఒక యాంటీబాడీ ఇంజెక్షన్ ఇవ్వవచ్చంది. ఏపీఎస్‌లో మాయను పాడుచేసే మంట ఒకటి పుడుతుందట. ఈ మందు ఆ మంటకు కారణమైన పదార్థాన్ని పట్టి ఆపుతుందట.

"ఇది కొత్త దారి. అందరికీ ఇవ్వం. బిడ్డ దక్కుతుందని హామీ కూడా ఇవ్వలేను" అంది.

"యాంటీబాడీతోని వచ్చిన రోగానికి యాంటీబాడీయే మందా మేడం? ముల్లును ముల్లుతోనే తీసుడన్నట్టు."

"అంతే. కాకపోతే ఈ ముల్లును ఫ్రిజ్‌లో పెట్టాలి."

రెండు డిగ్రీల నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వెచ్చబడకూడదు, గడ్డకట్టకూడదు. ఐస్ ప్యాక్‌కు ఆనకుండా సిరంజీ డబ్బాకు తువ్వాల చుట్టాలి. ఇదంతా ఆమె రెండుసార్లు చెప్పింది. స్రవంతి కాగితాల మీద సంతకం చేసి బయటికి వచ్చాక, "ఇదే ఆఖరు అత్తమ్మా. గిది పోతే మళ్ళ నాతోని కాదు" అంది.

నాలుగో కడుపు నిలిచింది. పిల్లను అంత దూరం తిప్పొద్దన్నారు. రాజుకు బాయిలో షిఫ్టులు. కాబట్టి పదిహేను రోజులకోసారి హైదరాబాద్ వెళ్ళి ఒక డోసు ఐస్ డబ్బాలో తెచ్చే పని నాది. దారిలో జనగామ బస్టాండులో మా వియ్యపురాలు లక్ష్మి, తన ఫ్రిజ్‌లో గట్టిపడిన ఐస్ ప్యాకులతో నిలబడి ఉండేది. బస్సు ఆగిన కాసేపట్లో పాతవి తీసి కొత్తవి పెట్టుకునేవాళ్ళం.

డబ్బాలో ఏముందని బస్సులో అందరూ అడిగేవాళ్ళే. ఒకసారి కండక్టరే అడిగాడు. "కాళేశ్వరం కాడ గోదాట్ల దొరికిన మొసలి గుడ్డు తమ్మీ. హైదరాబాదుల డాక్టర్లకు సూపిచ్చి తెస్తున్న. జర ఎండ తగిలితె పొదుగుతది" అన్నాను. పక్క సీటాయన లేచి వెనక్కి పోయాడు. డబ్బాకు సీటు దొరికింది. ఆ నాటి నుంచి ఆ కండక్టరు నన్ను గుడ్డు క్షేమమేనా అనే పలకరించేవాడు.

ఎండాకాలం వచ్చింది. ఒకనాడు జనగామలో బస్సు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మందు ఉడికిపోతుందని నాకు భయం వేసింది. చేపలమ్మేవాళ్ళు కిందా పైనా ఐసు పరిచి చేపను మధ్యలో పెట్టినట్టు, తువ్వాల తీసేసి సిరంజీ డబ్బాను రెండు ప్యాకుల మధ్య ఒత్తిపెట్టాను.

"మేడం గుడ్డ సుట్టమన్నది గద వదినా?" అంది లక్ష్మి.

"మేడం ఏసీల కూసొని చెప్పింది వదినా. గీ ఎండ ఆమెకేం ఎరుక?"

ఇంటికి వచ్చి మూత తీస్తే సిరంజీ డబ్బా మీద మంచు. సిరంజీ లోపల తెల్లటి ఐసు పలుకులు. చేతిలో పట్టుకుని కూర్చుంటే కాసేపటికి కరిగి, నీళ్లలా తేటగా అయిపోయింది. ముందెలా ఉందో అలాగే. నాలుగింటికి నర్సు వచ్చి వేస్తుంది. స్రవంతికి ఐదో నెల. లోపలి గదిలో పడుకుని, బిడ్డ కదులుతోందా అని పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉంది. ఆ పలుకులు చూసింది నేనొక్కదాన్నే. నోరు మూసుకుంటే అసలు జరగనట్టే. కథ కూడా అల్లక్కర లేదు.

వరంగల్ డాక్టరు కలం నా వైపు రానివ్వని సంగతి గుర్తుకొచ్చింది. వెనక వాకిట్లోకి వెళ్ళి మేడంకు ఫోన్ చేశాను.

"మేడం, మందు గడ్డకట్టింది. గుడ్డ నేనే తీసిన. ఇప్పుడు సూస్తే మంచిగనే కనవడుతంది."

"వేయించకండి. మంచిగా కనిపించినా పని చేయకపోవచ్చు" అంది. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా పరవాలేదని, హెపారిన్ మాత్రం ఆపొద్దని, మర్నాడే వచ్చి ఇంకొకటి తీసుకెళ్ళమని చెప్పింది. పెట్టేసే ముందు, "చెప్పారు, అదే చాలు. చాలామంది చెప్పరు" అంది.

స్రవంతికి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. "మీరు గింత సక్కగ చెప్తే నాకు భయమైతంది అత్తమ్మా" అని, ఆ నెలలో మొదటిసారి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ బస్సు. అదే కండక్టరు. "ఏమక్కా, గుడ్డు పొదిగిందా?"

"ఐసుకు పాడైంది తమ్మీ. తప్పు నాదే. ఇంకోటి తెస్తున్న."

ఆ బస్సులో నేనాడిన మొదటి నిజం అదే. అతను దానికే ఎక్కువ నవ్వాడు.

ఏడో నెలలో యాంటీబాడీ ఇంజెక్షన్ ఆపేశారు. హెపారిన్ సాగింది. ముప్పై ఐదో వారంలో బీపీ కొంచెం పెరిగితే ఆలస్యం చేయకుండా హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు కిలోలకు కొంచెం తక్కువ. ఏడుపు మాత్రం బాయి సైరన్ అంత, ఇది కోత కాదు. ఇదంతా ఆ మందు చలవేనా అని అడిగితే, ఒక్కరిని చూసి అలా చెప్పలేమంది మేడం. నేనైతే మందుకు సగం ఇస్తాను. మిగతా సగం, మూడుసార్లు పోగొట్టుకుని నాలుగోసారి సంతకం పెట్టిన మా పిల్లది.

ఇప్పుడు మా మనవరాలు వెన్నెలకు మూడేళ్లు. స్రవంతి రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటుంది, చెప్పిన గడువుకు రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటుంది, కుట్టుమిషన్ మీద కాలనీ జాకెట్లన్నీ కుడుతుంది. వెన్నెల అంగన్‌వాడీ టీచరుకు, తాను కాళేశ్వరం మొసలి గుడ్డులోంచి పుట్టానని చెప్పిందట. ఆ విషయంలో నేనేమీ దిద్దలేదు.

మొన్న మహబూబాబాద్ నుంచి దూరపు చుట్టం ఒకామె ఫోన్ చేసింది. కోడలికి మళ్ళీ పోయిందట, కారణమేమిటో తెలియడం లేదట. డాక్టరుకు ఎన్ని పోయినయని చెప్పినవ్ వదినా అని అడిగాను. "ఒకటే అని చెప్పిన. ముందటిది ఎవ్వలకు తెల్వది గద" అంది.

"నేను గూడ గట్లనే చెప్పిన" అన్నాను. రేపే మళ్ళీ పోతామంది.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఊరికి ఏ కథైనా చెప్పుకోండి. దవాఖానకు పోయే ముందు మాత్రం ఒక కాగితం మీద ఏ కడుపు ఏ వారంలో పోయిందో, కాలు చేయి ఎప్పుడు వాచిందో వరసగా రాసుకుని, డాక్టరు చేతికివ్వండి. అత్తలు రాయొద్దు. పిల్లనే రాయనివ్వండి. మా కాగితం ఇప్పటికీ రిపోర్టుల ఫైల్లో అన్నిటికన్నా పైన ఉంది. మొదటి వరుస స్రవంతి చేతిరాత: "మొదటిది, పది వారాలు."