ఎడమ చెవి

మా సనావుల్లా భాయ్ అంత చాదస్తపు మనిషిని నేను దుబాయ్‌లో చూడలేదు. అల్ ఖూజ్‌లో మా గోదాములకు సొంత ఫైర్ టీం ఉంది. దానికి ఆయనే పెద్ద. "మోకాలి లోతే కదా అనుకున్నోడే పోతాడురా అంజిబాబూ" అని మొదలుపెడితే ఇక ఆపడు. నీళ్లలో దిగేముందు ఫైర్ కోటు, బూట్లు విప్పాలి, లేకపోతే నీళ్లు నిండి కిందికి లాగుతాయి. లైఫ్ జాకెట్ వేసుకోవాలి. కర్రతో నేల పొడుచుకుంటూ నడవాలి. గట్టున తాడు పట్టుకున్నవాడు లోపలి మనిషి తిరిగొచ్చేదాకా ఇంకో పని పెట్టుకోకూడదు.

2024 ఏప్రిల్‌లో ఆయన చెన్నై విమానం ఎక్కాల్సింది. నెల్లూరులో భార్య రజియాకు కాన్పు రోజులు. పుట్టిన బిడ్డకు కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ అనే నమాజు పిలుపులు వినిపించడం వాళ్ల ఆచారం. పెద్దోడు పుట్టినప్పుడు ఆయన ఇక్కడే ఉండిపోతే ఎవరో బంధువు వినిపించాడు. "ఈసారి నా గొంతే" అని చెప్పి చెప్పి మా ప్రాణం తీశాడు. తీరా ఆ మాయదారి వానకు విమానాలన్నీ ఆగిపోయాయి. పొద్దున కూతురు పుట్టింది. స్నానం చేయించి ఫోన్ చేస్తామని, ఫోన్లోనే వినిపించమని అన్నారు.

అంతలో వెనక రోడ్డు మీద వ్యాను మునిగి డ్రైవర్ ఇరుక్కున్నాడని కబురు వచ్చింది. నడుము లోతు నీళ్లు. మా టీంలోని ఐజక్ ఒంటికి తాడు కట్టుకుని దిగాడు. భాయ్ తన ఫోన్ నాకిచ్చి గట్టున ఆ తాడు పట్టుకున్నాడు.

ఐజక్‌ది మచిలీపట్నం. సముద్రంలో ఈదినవాడికి కర్ర అంటే చిన్నచూపు. "మా పంట కాలవంత లేదు భాయ్" అంటూ గబగబా పోతున్నాడు.

"పొడిచి అడుగెయ్‌రా!" అని అరిచాడు భాయ్.

వ్యాను దగ్గర పొడిస్తే కర్ర నేల తగలకుండా మొత్తం లోపలికి దిగిపోయింది. నీళ్లు త్వరగా పోతాయని పక్క లేబర్ క్యాంపువాళ్లే మ్యాన్‌హోల్ మూత తీసేశారట. మంచికే చేశారు పాపం.

అప్పుడు ఫోన్ మోగింది. రజియా.

"నేను చెవి దగ్గర పెడతా, మాట్లాడు భాయ్."

"వద్దు. వాడు ఇంకా నీళ్లలోనే ఉండాడు."

ఐజక్ మీద నుంచి చూపు తిప్పలేదు. ఫోన్ ఆగి మళ్లీ మోగింది. నాకు ఒళ్లు మండిపోయింది. తిడదామని మొహం చూశాను. గడ్డం వణుకుతోంది.

ఐజక్ డ్రైవర్‌ను గుంత చుట్టూ తిప్పి తెచ్చి గట్టెక్కగానే భాయ్ తడిచేత్తోనే ఫోన్ లాక్కున్నాడు. స్పీకర్లో అత్తగారు.

"అయిపోయింది నాయనా. ఆలస్యం చేయకూడదని మా షాహబాజ్ వినిపించేసినాడు."

ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

ఫోన్ రజియా తీసుకుంది. "తమ్ముణ్ని కుడి చెవిలోనే చెప్పనిచ్చినా. ఎడమ చెవి మీకోసరం ఆపినా. చెప్పండి."

భాయ్ ఇఖామత్ మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. మళ్లీ అందుకుని పూర్తి చేశాడు. అవతల బిడ్డ ఏడుపు ఆగింది.

"ఆ చెవి ఎంతుంది రజియా?"

"వచ్చి చూసుకోండి" అంది.

ఫోన్ పెట్టేశాక ఆయన తన చిటికెన వేలి చివరి కణుపును పట్టుకుని నాకు చూపించాడు.

"ఇంతుంటాదా, అంజిబాబూ?"

నాకేం తెలుసు? నా పెళ్లే కాలేదు.

"ఉంటుంది భాయ్" అన్నాను.