దోమతెర కప్పిన స్టూడియో

రెండు వైర్లూ ఒక మైకూ ఉంటే ఎవడైనా సౌండ్ ఇంజనీరే అని నమ్మిన వయసు అది. భిలాయి సెక్టర్ 2 క్వార్టర్లో మా వెనక గదికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. అందులో పాడుతూ పిన్ని భజన బృందం పూనకంతో ఊగిపోయిందని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నందుకు సిగ్గుపడుతూ, జరిగింది చెబుతున్నాను.

ఆ ఏడు వినాయకుడి పందిట్లో భజన తీసేసి డీజే పెట్టాలని కుర్రాళ్ళ పట్టు. "మంచి రికార్డింగ్ తెస్తే ముందు మీదే వేస్తాం ఆంటీ" అన్నారు. పిన్ని పరువంతా నా గదిమీద పడింది. అక్కడేమో ఢోలక్ మీద వేలు పడితే చాలు, మూలలన్నీ గుమ్మని మోత. ఆ మోతను మింగే మెత్తటి సరుకు మూలల్లో దట్టంగా నింపాలని చదివాను. ఏ సరుకన్నదే తేలలేదు. స్టీల్ ప్లాంటులో ఆవిరి గొట్టాలకు వేడి పోకుండా తొడుగులు వేసి రిటైరైన మావయ్యను అడిగాను. (సరుకు ఏదైనా ఆయన పరీక్ష ఒకటే.) ఇస్త్రీపెట్టె కాల్చి పెడితే ధర్మాకోల్ కరిగింది, స్పాంజి కంపు కొట్టింది. సుపేలా బజారులో కొన్న గ్లాస్ ఊల్, అదే గాజు పీచు, చలించలేదు.

"సూసావేటి? ఇదే పాస్!"

"మనం ఆపాల్సింది వేడి కాదు మావయ్యా, చప్పుడు."

"వేడే ఆగితే సప్పుడెంతరా? పైన రేకు కొట్టీ."

రేకు మోగుతుందని, నేను అతితెలివితో దోమతెర కప్పాను. గాలి ఆడాలి కదా!

మోత నిజంగానే పోయింది. కానీ రికార్డింగు మొదలుపెట్టే ముందు ఆడవాళ్ళు ఉక్కపోతకు కాసేపు ఫ్యాను వేసుకున్నారు, తెర కన్నాల్లోంచి గాజు నూగు అందరిమీదా వాలింది. రెండో చరణానికి ఒకరు మెడ, ఒకరు మోచెయ్యి గోక్కుంటున్నారు.

"ఏటిరా ఇది, ఒల్లంతా మంట!" అని పిన్ని గుసగుస.

"ఆపకు పిన్నీ, బ్రహ్మాండంగా వస్తోంది!"

"అయితే జల్దీ కానీండర్రా!" అని బృందంమీద కేకేసింది.

ఎప్పుడూ ఎద్దుబండిలా సాగే భజన రైలు వేగం అందుకుంది. కిటికీలోంచి చూసిన పక్కింటివాళ్ళు ఆ మెలికలను పూనకమనుకున్నారు. పిన్ని కేక రికార్డింగులో ఉండిపోయింది. పందిట్లో ఆ చోటు వచ్చినప్పుడల్లా కుర్రాళ్ళు "జల్దీ కానీండర్రా!" అని గంతులేశారు, మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. డీజే పెట్టెలు విప్పనే లేదు. పిన్ని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఇప్పుడు నా గదిలో ప్రతి మూలకీ మందపాటి గుడ్డ తొడుగుంది. ఢోలక్ చెప్పినట్టు వింటుంది. పాటలూ తప్పుల్లేకుండా వస్తాయి. అంత నమ్మకంగా తప్పు చెయ్యడం మాత్రం ఇప్పుడు నాకు చేతకావడం లేదు.