టేకు బ్యాటుతో బాపట్లకి

టేబుల్ టెన్నిస్‌లో నేను ఒకసారి జిల్లా ఛాంపియన్‌ని ఓడించాను. తెనాలిలో ఎవరినైనా అడగండి. అడిగితే వాళ్ళు ఇంకోలా చెబుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. ఆయన ఛాంపియన్ కాదు, ఛాంపియన్‌ని కారులో దింపడానికి వచ్చిన బాబాయిగారు. ఆ రోజు ఆయనకి ఒంట్లో కూడా బాగాలేదు. ఓడిపోయిన మాట మాత్రం నిజం.

ఇక నా బ్యాటు సంగతి. మా ఇంటికి మరమ్మతులు చేయించినప్పుడు వీధి తలుపు మార్చాం. తీసేసిన తలుపు టేకుది. మా వైపు టేకుకి ఉన్న మర్యాద మనుషులకి లేదు. పెళ్ళిచూపులకి వెళ్ళినవాళ్ళు కూడా మాటల్లో మాటగా గుమ్మం మీద వేలితో ఓసారి కొట్టి చూస్తారు. మా అమ్మాయి సంబంధానికి రేపల్లె వెళ్ళినప్పుడు నేనూ కొట్టాను. వేప. అయినా పిల్లనిచ్చాను. ఈ ముక్క మా వియ్యంకుడికి ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటాను.

అలాంటి టేకుతో బ్యాటు చేస్తే దానికి ఎదురుండదని నా నమ్మకం. బజారులో దొరికేవి చేత్తో పట్టుకుంటే ఏమీ పట్టుకోనట్టే ఉంటాయి. అందుకని తలుపు పలకలోంచి ఒకే ముక్క తీసి, వేలెడు మందాన, పిడితో సహా నా చేత్తో చెక్కాను. అంటే చెక్కించాను. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను కాబట్టి అదీ చెక్కడం కిందికే వస్తుంది. పాత బ్యాటు రబ్బర్లు ఊడదీసి దీనికి అంటించాను. పట్టుకుంటే వస్తువు అనిపించింది.

మా వియ్యంకుడికి రేపల్లెలో రైస్ మిల్లు. గోడౌన్‌లో బస్తాల మధ్య ఆయన ఒక టేబుల్ వేయించుకున్నాడు. ఆదివారం పొద్దున్నే నేను తెనాలిలో రైలెక్కి వెళ్తాను, ఇద్దరం ఆడతాం. బాపట్లలో పెద్దవాళ్ళకి డబుల్స్ పోటీ పెడుతున్నారని తెలిసి ఆయనే ఇద్దరి పేర్లూ ఇచ్చాడు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా ఆఫీసు జట్టులో ఆడని పోటీ లేదని మనవలకి చెబుతుంటాను. నిజానికి ఒక్కసారి కూడా నన్ను తీసుకోలేదు. స్కోరు చెప్పడానికి నిలబెట్టేవాళ్ళు. నా పేరు ఒక ఆటగాడి పేరు పక్కన ఎక్కడం ఇదే మొదలు. ఎలాగైనా బాపట్ల వెళ్ళి ఆడాలి, అంతే నాకు.

గోడౌన్‌లో టేకు బ్యాటు మొదటిసారి తీశాను. బంతి తగలడం ఆలస్యం, టేబుల్ దాటి బస్తాల్లో పడింది. రెండోదీ అంతే. మంచి బ్యాటు బంతిని ఒక్క క్షణం దగ్గరికి తీసుకుని పంపుతుంది. నాది గుమ్మంలోంచే తరిమేస్తుంది.

"బావగారూ, మనం ఆడుతున్నామా, బంతుల్ని గోడౌన్‌లో నిల్వ చేస్తున్నామా అండి?" అన్నాడాయన.

"చెయ్యి అలవాటు పడాలి కదండి. టేకు మరి."

"టేకేనండి, కాదన్నానా. ఒక గొళ్ళెం కూడా బిగించేస్తే సరిపోతుంది."

రెండు మూడు వారాలు అలాగే గడిచాయి. చెయ్యి అలవాటు పడలేదు సరికదా, భుజం పట్టేసింది. ఆయన కాఫీ ఇప్పించి, నెమ్మదిగా అన్నాడు.

"ఇలాగైతే బాపట్లకి మా వీధి పోస్టుమాస్టరు గారిని అడుగుదామనుకుంటున్నానండి. రిటైరయ్యాక ఆయన ఖాళీగానే ఉంటున్నారు. మీరేమీ మనసులో పెట్టుకోకండి."

వియ్యంకుడు మనసులో పెట్టుకోవద్దన్నాడంటే అక్కడ పెట్టడానికి ఏదో తెచ్చాడనే అర్థం. నేను నవ్వేశాను. రైల్లో తెనాలి వచ్చేదాకా బ్యాటుని ఒళ్ళో పెట్టుకుని బరువు చూస్తూనే ఉన్నాను.

బరువే కదా గొడవ అని పిడి తొలిపించాను. బరువు తగ్గింది, కానీ తగ్గాల్సిన చోట కాదు. తల బరువు తలకే ఉండి పిడి తేలికైపోయేసరికి, బ్యాటు పెళ్ళి భోజనం చేసిన మనిషిలా ముందుకి తూలడం మొదలుపెట్టింది. పిడిలో మైనం పోశాను. తూలడం ఆగింది, పాత బరువు తిరిగొచ్చింది. ఇంట్లో మా ఆవిడ చూసి, "బాగుంది, మధ్యలో వత్తి కూడా పెట్టండి. కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది" అంది.

తర్వాతి ఆదివారం జరగకూడనిది జరిగింది. మిల్లు కుర్రాళ్ళిద్దరిని అవతల నిలబెట్టి, మేమిద్దరం ఒకే వైపు ఆడుతున్నాం. డబుల్స్‌లో ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి, కొట్టినవాడు వెంటనే పక్కకి తప్పుకోవాలి. నేను తప్పుకున్నాను. తప్పుకున్నానని ఆయనతో వాదించాను కూడా. మీకు చెప్పడానికేం, తప్పుకోలేదు. నా టేకు తిరిగొచ్చి ఆయన బ్యాటుకి తగిలింది. హైదరాబాదు నుంచి తెప్పించుకున్న బ్యాటు అంచు నుంచి పిడి దాకా విచ్చుకుపోయింది.

ఆయన బస్తా మీద కూర్చుండిపోయాడు. ఇక పోస్టుమాస్టరే అనుకున్నాను. ఆయన విరిగిన ముక్కని వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇదేంటండి బావగారూ, లోపల ఇలా ఉంది?"

నేనూ చూశాను. మధ్యలో తెల్లగా, దళసరిగా ఒక చెక్క. నొక్కితే గోరు దిగింది. దానికి అటూ ఇటూ పలచటి పొరలు, గీతలు అడ్డంగా. వాటి మీద మళ్ళీ పలచటి పొరలు, గీతలు నిలువుగా.

"మామిడిపళ్ళ పెట్టె చెక్కలా ఉందే. కొట్టువాళ్ళు నా దగ్గర అంత డబ్బు పుచ్చుకుని పెట్టె చెక్కిచ్చారా?"

"అలాగే ఉండాలండి," అన్నాను. "మధ్యది మెత్తగా, తేలిగ్గా ఉంటేనే బంతి దిగి లేస్తుంది. పొరలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెడితే చెక్క వంగదు, చీలదు."

"చీలింది కదండి."

"టేకు తగిలిందండి మరి."

ఇదంతా నాకు ముందే తెలిసినట్టు చెప్పాను. ఆయన చూసినప్పుడే నేనూ చూశాను. కాకపోతే నోరు నాది ముందు తెరుచుకుంది.

"ఇంత తెలిసినవారు చెయ్యండి చూద్దాం, నాకొకటి, మీకొకటి," అన్నాడు. "కుదరకపోతే బాపట్ల మాటే వద్దు."

మిల్లుకి కొత్త మోటారు వచ్చిన పెట్టె ఒకటి మూల పడి ఉంది. దాని చెక్క తేలిక. తెనాలి తీసుకెళ్ళి పలచగా చిత్రిక పట్టించాను. ప్లైవుడ్ కొట్టులో కాగితంలాంటి పొరలు కొన్నాను. పైపొర మాత్రం టేకుదే తీసుకున్నాను, వంశం పరువు ఒకటి ఉంది కదా. రేపల్లెలో ఇద్దరం జిగురు రాసి, పొర మీద పొర పేర్చి, బియ్యం బస్తాల కింద పెట్టాం.

మర్నాడు తీస్తే ఒకటి బల్లపరుపుగా ఉంది. రెండోది నూనెలో పడ్డ అప్పడంలా మెలితిరిగింది. దానికి ఒక పక్క రెండు పొరలు, ఇంకో పక్క ఒక్కటే అంటించాను. రెండు వైపులా సమంగా లేకపోతే చెక్క బలం ఉన్నవైపు లాక్కుంటుంది. తప్పు జిగురుదని ఆయనతో అన్నాను. ఆయన జిగురు డబ్బా వైపు కాకుండా నా వైపు చూశాడు.

బ్యాటు ఒకటే. పిల్లనిచ్చినవాణ్ణి కాబట్టి మంచిది ఆయనకే ఇచ్చాను. అసలు జరిగింది వేరు. ఆయన చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ కింద పెట్టలేదు. పోస్టుమాస్టరు ఊసు కూడా మళ్ళీ రాలేదు.

అలా నేను బాపట్లకి టేకుతోనే వెళ్ళాను. మొదటి ఆటలో భుజం లేవక, కొట్టడం మానేసి బ్యాటు అడ్డం పెట్టి నిలబడ్డాను. వచ్చిన బంతి వచ్చినట్టే, ఇంకాస్త వేగంగా వెనక్కి పోయింది. తర్వాతి బంతి ఆయన మెత్తటి బ్యాటు మీద నుంచి తాపీగా, తిరుగుతూ వెళ్ళింది. ఒకటి రయ్యిన, ఒకటి నింపాదిగా. అవతలి ఇద్దరూ ఎప్పుడు చెయ్యి ఊపాలో తెలియక ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు. గెలిచాం. ఇదంతా నేను వేసిన ఎత్తు అని తెనాలిలో అందరికీ చెప్పాను. మీకు వేరే చెప్పక్కర్లేదు.

రెండో ఆటలో శుభ్రంగా ఓడిపోయాం.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, చీరాలలో జరగబోయే పోటీకి పేర్లు రాసుకుంటున్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడున్నతను అడిగాడు.

"మీ జోడీ ఎవరండి?"

ఆయన ఏం చెప్పాడో నేను వినలేదు. నాకంత ఆత్రం లేదు, మంచినీళ్ళు తాగుతున్నాను. నీళ్ళ డ్రమ్ము ఆ బల్ల పక్కనే ఉంది. దాహం లేకపోయినా మూడో గ్లాసు పట్టుకుంటూ నిలబడితే, మా వియ్యంకుడు నా ఇంటిపేరుతో సహా చెప్పి, సరిగ్గా రాశాడో లేదో ఒంగి చూశాడు.