ఆవగింజల్లో రాజమండ్రి

పోపులో ఆవాలు చిటపటమంటే మా ఇంట్లో అందరికీ ఆకలి వేస్తుంది. నాకు మాత్రం రాజమండ్రి జనాభా కనబడుతుంది. నిన్న మా ఆవిడ చారుకి పోపు పెడుతుంటే ఒక గింజ ఎగిరి గట్టు మీద పడింది. "పదిమంది కింద పడ్డారు, చూసుకో" అన్నాను. తను నావైపు చూసిన చూపుకి మూకుట్లో మిగిలిన గింజలు చప్పుడు మానేశాయి. నేను చెప్పేవాటిలో సగం కోతలని మా బంధువర్గమంతా ఎప్పుడో తేల్చేసింది. ఇది మిగతా సగంలోది.

దానవాయిపేటలో ఒక సైకిల్ షాపు పైన రెండు గదుల్లో మహాలక్ష్మి మేడమ్ గారి ఆఫీసు ఉండేది. సర్వే శాఖలో ఏళ్ళ తరబడి పటాలు గీసి రిటైరయ్యాక, ఊరికే కూర్చుంటే చేతులు దురద పెడుతున్నాయని సొంతంగా పెట్టుకున్నారు. ఏ వీధిలో ఎంతమంది ఉంటున్నారు, వాళ్ళు పొద్దున లేచి ఎక్కడ బండెక్కి ఎక్కడికి పోతున్నారు అన్నది పటం మీద చూపించడం మా పని. ఇప్పుడైతే కంప్యూటర్‌లో మీట నొక్కితే జనం ఒత్తుగా ఉన్నచోట ఎరుపు, పలచగా ఉన్నచోట పసుపు వచ్చేస్తాయి. అప్పుడు మా ఆఫీసులోనూ ఒక కంప్యూటర్ ఉండేది గానీ, దానికీ కరెంటుకీ మాటల్లేవు. అందుకని మేడమ్ గారు మంచమంత చెక్క మీద ఊరి పటం అంటించి, ఇళ్ళున్నచోట ఆవాలు పేర్చేవారు. ఒక గింజ పదిమంది మనుషులు. బస్సో ఆటోనో ఎక్కేచోట పెసలు. ఒక పెసరగింజా పదిమందే. అంకెల కాగితం చూస్తే నాకు ఆవలింత వచ్చేది. ఆ చెక్క చూస్తే మాత్రం కోటిపల్లి బస్టాండు దగ్గర పెసల గుట్టలోంచి కండక్టర్ల కేకలు వినబడేవి.

మేడమ్ గారు నాలుగున్నర అడుగుల మనిషి. కళ్ళద్దాలు మాత్రం సీసా అడుగులంత మందం. గోదావరికి ఇవతలి గట్టున కూర్చుని అవతల కొవ్వూరులో బస్సు బోర్డు చదివేస్తారని నేను ఊరంతా చెప్పాను. ఆ మాట ఆవిడ చెవిన పడింది. పిలిపించారు. ఉద్యోగం పోయిందనుకుని వెళ్ళాను.

"కొవ్వూరేంటయ్యా సూరిబాబూ, మరీ అంత దగ్గరా? పట్టిసీమ అని చెప్పు. కోసేదేదో ధారాళంగా కొయ్యి" అన్నారు. అప్పటిదాకా నా కోతలకి తిట్లే తప్ప సలహాలు దొరకలేదు. ఆ రోజుతో నేను ఆవిడ మనిషినైపోయాను.

ఒకసారి, ఊళ్ళో తెల్లవారుజాము బస్సులు ఎక్కడెక్కడ వేయాలో తేల్చుకోవడానికి ఒక ఆఫీసువారు మాకు లెక్క అప్పగించారు. ఒక్కో స్టాపు దగ్గర ఐదున్నర నుంచి నిలబడి, బస్సెక్కినా, ఆటో ఎక్కినా, సైకిల్ వెనక ఎక్కినా మనిషిని రాసుకోవాలి. నా వంతుకి కడియం రోడ్డులో ఊరి చివర కాలనీ వచ్చింది. ఎముకలు కొరికే చలి అని రాద్దామనుకున్నాను గానీ, రాజమండ్రిలో ఆ మాట నా మీద అభిమానమున్నవాళ్ళు కూడా నమ్మరు. నిద్ర లేవలేదు, అంతే. ఎనిమిదింటికి వెళ్ళి, టీ కొట్టులో కూర్చుని, అంతకుముందు గళ్ళన్నీ నింపేశాను. ఆ వేళప్పుడు ఎవరు వస్తారులే అని సున్నా, ఒకటి, సున్నా, మూడు. అన్నీ సున్నాలైతే అనుమానం వస్తుందని ఆ మూడు పెట్టాను. కథ నమ్మించాలంటే అలాంటి చిన్న వివరం ఒకటి ఉండాలి.

కాగితాలు ఆ ఆఫీసుకి వెళ్ళిపోయాయి. వాటికి జతచేసే పటం కోసం మేడమ్ గారు గింజలు పేరుస్తూ, "సూరిబాబూ, ఇలా రా" అన్నారు.

"ఈ కాలనీలో ఆవాలెన్ని?"

"ఓ చిటికెడు ఉంటాయండి."

"మరి వీళ్ళ స్టాపులో పెసలేవి?"

"పొద్దున్నే అక్కడెవరూ రారండి. కుక్కలు కూడా ఎనిమిదింటికే లేస్తాయి."

"ఇంతమంది ఉండి ఒక్కరూ గడప దాటరా? ఏం, అందరూ జమీందార్లా?" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నువ్వు ఎన్నింటికి వెళ్ళావు?"

చెప్పడానికి నాకు కథ దొరకలేదు. పుట్టి బుద్ధెరిగాక అలా జరగడం అదే మొదలు.

ఆవిడ తిట్టలేదు. మర్నాడు ఐదింటికి తన మోపెడ్ వెనక నన్ను ఎక్కించుకుని తీసుకెళ్ళారు. ఇంకా మసక విడలేదు. కాలనీ మలుపులో స్టాపు నిండా ఆడవాళ్ళు. చేతుల్లో క్యారేజీలు, తలకి తువ్వాళ్ళు. ఒక ఆటో వచ్చింది. ఏడుగురు పట్టే బండిలో పద్దెనిమిది మంది ఎక్కారు. నేను చెప్తున్నానని తగ్గించుకోకండి, మేడమ్ గారు కూడా లెక్కపెట్టారు. అది వెళ్ళిపోయాక కూడా స్టాపులో జనం మిగిలారు. వాళ్ళలో సత్యవతి అనే ఒకావిడ ఆటో వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు మేడమ్ గారు.

"కడియం నర్సరీలకండి. కవర్లలో మట్టి నింపుతామండి."

"మళ్ళీ వస్తుందా ఆటో?"

"వత్తాదండి. ఎప్పుడొత్తాదో ఆడికే తెలీదు. ఆరు దాటితే మేస్త్రీ ఎనక్కి పంపేత్తాడండి. మొన్నా అంతే, నిన్నా అంతే. మూడో రోజూ ఎల్లకపోతే ఇంకోళ్ళని ఎట్టేసుకుంటాడు."

"బస్సు అడగలేదా?"

"అడిగామండి. లెక్క రాసుకోడానికి ఎవరో వత్తారు, వచ్చి చూశాక ఏత్తారు అన్నారు. ఇదిగో, రోజూ చూత్తన్నాం. ఎవరూ రాలేదండి."

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. మేడమ్ గారు నావైపు చూడలేదు. "వచ్చాం కదమ్మా" అన్నారు. ఆ తర్వాత సత్యవతిని మోపెడ్ ఎక్కించుకుని కడియం వెళ్ళిపోయారు. నేను నడిచి వచ్చాను. ఆ నడకలో ఎన్ని మైళ్ళున్నాయో నేను పెంచి చెప్పను. అది చాలా పొడవు.

ఆ మధ్యాహ్నమే మాకు లెక్క అప్పగించిన ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళాం. "మేం పంపిన లెక్క తప్పండి. తప్పు నాది" అన్నారు మేడమ్ గారు. నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా కాలు తొక్కారు.

"మేడమ్, మీరే ఇలా అంటే రేపు మీ కాగితం ఎవరు నమ్ముతారండీ?" అన్నారాయన.

"నమ్మొద్దండి. వారం రోజులు ఆగండి. కళ్ళకి కనబడేటట్టు తెస్తాను."

ఆరు పొద్దుటిపూటలు నిలబడి లెక్కపెట్టాను. పక్కనే మడత కుర్చీ వేసుకుని మేడమ్ గారు. ఏడో రోజు మైదా జిగురుతో గింజలన్నీ పటానికి అంటించి, చెక్కని ఆటో మీద పడుకోబెట్టి, నేను పట్టుకుని వెళ్ళాను. దారిలో పావురాలు వెంటపడి రెండు వార్డుల జనాభాని ఎత్తుకుపోయాయి. వాటిని నేను ఏలూరు దాకా తరిమానని తర్వాత చాలామందికి చెప్పాను. కాలనీ మాత్రం క్షేమంగా చేరింది. ఆఫీసరు గారు ఆ మలుపు దగ్గర పెసల గుట్ట మీద వేలు పెట్టి, కాసేపు తియ్యలేదు.

"వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?"

"అక్కడే ఉన్నారండి. మేమే వెళ్ళలేదు."

ఆ మలుపు నుంచి నెల రోజులు బస్సు నడిపి చూస్తామనీ, జనం ఎక్కకపోతే తీసేస్తామనీ అన్నారు. మొదటి రోజు నన్ను ఒక్కణ్ణే పంపారు మేడమ్ గారు. కుర్చీ లేదు, ఆవిడా లేరు. ఐదున్నర దాటాక బస్సు వచ్చి ఆగింది. ఆడవాళ్ళు దాన్ని ఎవరి ఇంటికో వచ్చిన చుట్టంలా ఎగాదిగా చూశారు. వెనక ఆటోవాడు "రండి రండి, అది ఊరంతా తిరిగి ఎల్తాది" అని కేకలు. ఇద్దరు అటు నడిచారు కూడా.

"ఇది మాకేనాండీ?" అంది సత్యవతి.

"మీకేనమ్మా. మీరెక్కకపోతే నన్ను ఉద్యోగంలోంచి దించేస్తారు."

"అయ్యో, ఎక్కండే! ఈయన్నెవరు పోషిత్తారు?" అంది తను. అందరూ నవ్వుతూ ఎక్కేశారు. నలభై ఒక్కమంది. ఆఫీసుకి వచ్చి ఆ అంకె చెప్పాను. మేడమ్ గారు తలెత్తకుండా, మళ్ళీ అడక్కుండా, సిరాతో రాసేసుకున్నారు. నా మాట ఒకరు అలా రాసుకోవడం చూసి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నెల దాటినా ఆ బస్సుని తియ్యలేదు. ఇప్పటికీ నడుస్తోంది.

మేడమ్ గారు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నేనే కంప్యూటర్ మీద పటాలు చేస్తున్నాను. చేపల సైజు గురించీ, వరదల ఎత్తు గురించీ నేను చెప్పేది మీరు నమ్మనక్కర్లేదు. పటంలో పెట్టే చుక్క మాత్రం నేను నిలబడి చూసిందే. పోయిన నెల ఏటిగట్టు పక్క ఒక పేటలో ఇళ్ళు ఎర్రగా వచ్చాయి, వాళ్ళు బండెక్కే చోటు మాత్రం తెల్లగా ఉండిపోయింది. అలారం రెండు ఫోన్లలో పెట్టుకుని, ఐదింటికల్లా వెళ్ళి సందు మొదట్లో కాగితం పట్టుకుని నిలబడ్డాను. సైకిల్ తోసుకొస్తున్న ఒక పెద్దాయన ఆగారు.

"ఎవరి కోసమండీ?"

"మీ కోసమేనండి. పొద్దున్నే ఎవరెవరు ఎక్కడికి వెళ్తారో రాసుకోవాలి."

ఆయన నా కాగితం వైపు ఒకసారి చూసి, సైకిల్‌కి స్టాండు వేసి, వెనక్కి తిరిగి సందులోకి గట్టిగా కేకేశారు. "ఏమర్రా, లెక్క రాసేవారొచ్చారు! అందర్నీ రమ్మనండర్రా!"