ప్రభ దీపాలకు కాలిన బస్సు

పెళ్ళయ్యాక నరసరావుపేటలో మేము కాపురం పెట్టిన మొదటి ఇల్లు ఒక మోటారు మెకానిక్కుది. ఊరంతా ఆయన్ని సాయిబుగారు అనేది. పెరట్లో ఆయన షెడ్డు, లోపలి గదుల్లో ఆయనా ఆయన భార్యా, వీధి వైపు గదుల్లో మేము. మా ఆయన బస్సు డ్రైవరు. యుద్ధం అయిపోయినా పెట్రోలు సరిగా దొరకని రోజులవి. బస్సు వెనక బొగ్గు గ్యాసు డ్రమ్ము తగిలించుకుని, దగ్గుకుంటూ పొగ కక్కుకుంటూ మాచర్ల దాకా పోయి వచ్చేది. బస్సు ఒక ఆసామిదే అయినా, దాని మీద ఆయనకున్న ప్రేమ కంటే మా ఆయనకున్నది ఎక్కువ. నేను పిలిస్తే ఒక పిలుపుకు పలికిన పాపాన పోడు గాని, షెడ్డులో అది కొంచెం తేడాగా చప్పుడు చేస్తే ముద్ద వదిలేసి లేచేవాడు.

మా పుట్టిల్లు కోటప్పకొండకు దగ్గర పల్లె. శివరాత్రికి మా ఊరి ప్రభ కొండ కిందికి పోవాలి. ఎత్తుగా కర్రలు కట్టి, గుడ్డలు చుట్టి, అద్దాలూ కాగితప్పూలూ అతికించి, బండి మీద నిలబెట్టి ఎద్దులతో లాగిస్తారు. అంతా దేవుడి కోసమేనంటారు గాని, పక్కూరి ప్రభ కంటే మాది ఒక మూరైనా పైన ఉండాలన్నదే అసలు మొక్కు. ఆ ఏడు పక్కూరి వాళ్ళు తమ ప్రభకు పెట్రోమాక్సు దీపాలు కట్టిస్తున్నారని తెలిసింది. మా ఊళ్ళో ప్రభ పెత్తనం మా నాయనది. ఆ కబురు విన్నాక ఆయనకు అన్నం సయించలేదట.

సరాసరి మా ఇంటికొచ్చాడు. కాళ్ళయినా కడుక్కోకుండా, "అల్లుడూ, నీ బస్సులో కరెంటు ఉందిగా. మన ప్రభకి దీపాలు పెట్టు" అన్నాడు.

"అది బస్సు దీపాలకే బొటాబొటి మామా. తీగలు కూడా పాతవి."

"ఊళ్ళో మాటిచ్చొచ్చా, మా అల్లుడు పెడతాడని. ఇప్పుడు లేదంటే నేనేం మొహం పెట్టుకుని తిరిగేది?"

పిల్లనిచ్చిన మామ అంత మాటన్నాక కాదనగల అల్లుడు మా వైపు ఇంకా పుట్టలేదు. తలుపు చాటున నిలబడి నేనూ మా ఆయన ఒప్పుకోవాలనే కోరుకున్నాను. ఆసామి మద్రాసు వెళ్ళి ఉన్నాడు. ఆయన్ని అడగడానికి వీల్లేదు, అడగకుండా చెయ్యడానికీ వీల్లేదు. మా నాయన మాత్రం ఆ రెండో సంగతి వినిపించుకోలేదు.

శివరాత్రి సాయంత్రం మసక పడుతుండగా ప్రభ కదిలింది. దాని వెనకే బస్సు ఎద్దు నడకన కదిలింది. బస్సు ముందు భాగం నుంచి ప్రభ మీదికి తీగలు లాగి, మోటారు బల్బులు దండగా కట్టారు. వెలిగిన క్షణాన జనం గోల చూడాలి! మా నాయన తలపాగా సర్దుకోవడమే సర్దుకోవడం. కాసేపటికి దీపాలు ఆరిపోయాయి. మా ఆయన దిగి ఫ్యూజు మార్చాడు. మళ్ళీ ఆరిపోయాయి. పక్కూరి కుర్రాళ్ళు ఈలలు వేశారు.

"ఆగకుండా ఉండేదేదన్నా పెట్టు" అన్నాడు మా నాయన.

"తీగలు ఓర్చుకోలేవు మామా. ఎక్కువ కరెంటు లాగితే ముందు ఫ్యూజు పోవాలి. అది పోకపోతే తీగలే కాల్తాయి."

"కొండ దాకా ఓర్చుకుంటే చాలు. పెట్టమంటుంటే!"

నేను ఆడవాళ్ళతో పక్కనే నడుస్తున్నాను కాబట్టి ఈ మాటలన్నీ నా చెవులతో విన్నాను. మా ఆయన ఫ్యూజు ఉండాల్సిన చోట లావుపాటి రాగి తీగ ముక్క బిగించాడు. దీపాలు మళ్ళీ వెలిగాయి, ఈసారి ఆరలేదు. కొండ కనపడుతుండగా బస్సు లోపలి నుంచి రబ్బరు కాలిన కంపు వచ్చింది. మా ఆయన చేతులు కాల్చుకుని బ్యాటరీ తీగ లాగేసేసరికే ముందు భాగంలో తీగలన్నీ మాడిపోయాయి. ప్రభ చీకట్లోనే కొండ చేరింది.

తెల్లారాక ప్రభ లాగిన ఎద్దులే బస్సునూ నరసరావుపేట దాకా లాగాయి. బజారు వీధిలో జనం బయటికొచ్చి చూశారు. మా ఆయన స్టీరింగు పట్టుకుని తల దించుకుని కూర్చున్నాడు. మా నాయన ఊరి పొలిమేరలోనే, చేలో పనుందని దిగిపోయాడట.

ఆసామి తిరిగొచ్చేలోపు బస్సు నడవాలి. లేకపోతే డ్రైవరు ఉద్యోగం పోతుంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, పైకి ఎవరూ అనలేదు. సాయిబుగారు తీగల కట్టను ఊడదీసి మా వసారాలో చాప మీద పడేశారు. మాడిపోయిన సేమ్యా ముద్దలా ఉంది. కొత్త తీగ గుంటూరులో కూడా దొరకలేదు. ఆయన ఒక్కో తీగ గోకి చూసి, "రాగి బాగానే ఉంది బిడ్డా. పైన గుడ్డే కాలింది. గుడ్డ తెస్తే మళ్ళీ చుట్టుకుందాం" అన్నారు.

గుడ్డ మాట తేలిగ్గా అన్నారు గాని, అది కూడా కంట్రోలులో, మనిషికిన్ని గజాలని కొలిచి ఇచ్చే కాలం. ఉన్న చీరలు ఒకటి కడితే ఒకటి ఆరేసేంత. అప్పుడు నాకు ప్రభ గుడ్డలు గుర్తొచ్చాయి. మా నాయన ఇంట్లో పెట్టె నిండా మడతపెట్టి ఉంటాయి. పుట్టింటికి పోయి అడిగాను.

"దేవుడికి చుట్టిన గుడ్డలే అవి! బస్సుకు చుడితే కళ్ళు పోతాయి" అన్నాడు మా నాయన.

"బస్సు తీగలు దేవుడికి చుట్టినప్పుడు పోలేదుగా నాయనా?"

"అత్తారింటికి పోయి నోరు పెరిగిందే నీకు" అని కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మా అమ్మ దొడ్లోకి పిలిచి, తన నేత చీర ఒకటి చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది. "మీ నాయనకు చెప్పమాక" అంది. ఆ చీర పోతే అమ్మ ఏం కట్టుకుంటుందో నాకు తెలుసు. తెలిసీ తెచ్చుకున్నాను. దారిపొడుగునా దొంగసొత్తు మోస్తున్నట్టే ఉంది.

సాయిబుగారి భార్య పరాయి మగవాళ్ళ కంట పడకుండా ఘోషాలో ఉండే మనిషి. అందుకని ఆ పని లోపలి గదిలో మా ఇద్దరి వంతు అయింది. చింతపండు రుద్ది రాగి మీది మసి పోగొట్టాం. చీరను సన్నటి పేలికలుగా చించి, తీగ చుట్టూ ఏటవాలుగా బిగించి చుట్టాం. వడ్రంగులు వాడే లక్క పాలిషు పూసి దండేనికి వేలాడదీశాం. ఏ తీగ ఎక్కడిదో తప్పిపోకుండా రెండు చివర్లా ఒకే రంగు దారం కట్టడం ఆమె ఆలోచనే. మెత్తటి చీర ఆరాక పుల్లలా బిరుసెక్కింది. "మీ అమ్మ ఇచ్చిందా? చానా మంచి మనిషి" అందామె. మా నాయన గురించి అడుగుతుందేమోనని భయపడ్డాను. ఆమె అడగలేదు. తెలిసే అడగలేదనిపించి ఇంకా చిన్నబోయాను.

మగవాళ్ళు తీగలన్నీ కట్టగట్టి బిగించారు. దీపాలు వెలిగాయి, హారను మోగింది. మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఎవరు చెప్పారో గాని బస్సు బాగయిందని విని మా నాయన కూడా వచ్చి షెడ్డులో నిలబడ్డాడు. అదే పూటకు ఆసామి దిగాడు. స్టేషన్ నుంచి వచ్చేటప్పుడే బజారులో కథంతా విన్నాడు.

అరవలేదు. అరిచినా బాగుండేది. "దీపాలు సరే, పిల్లచేష్ట. ఫ్యూజు తీసేసి రాగి ముక్క పెట్టావట, తెలిసిన డ్రైవరు చేసే పనేనా అది? ఎవరన్నా బలవంతం పెట్టారా? పెద్దోళ్ళ మాట కాదనలేకపోయానంటే చెప్పు, ఈసారికి వదిలేస్తా" అన్నాడు.

అలా అడిగి, తప్పించుకునే తలుపు ఆయనే తెరిచి పట్టుకున్నాడు. మా ఆయన అందులోంచి బయటికి రావడానికి ఒక్క మాట చాలు. మా నాయన అక్కడే, చెయ్యి చాపితే బస్సు తగిలేంత దగ్గర నిలబడి ఉన్నాడు. నేను లోపలి గది కిటికీలోంచి ఆయన నోటి వైపే చూస్తున్నాను. ఆయన కండువా అంచు సవరించుకుంటున్నాడు.

"ఎవరూ లేరండీ. నా బుద్ధే గడ్డి తింది" అన్నాడు మా ఆయన.

ఆసామి చెయ్యి చాపాడు. మా ఆయన బస్సు తాళం ఆ చేతిలో పెట్టాడు. నేను నోరు తెరిస్తే పోయేది మా నాయన పరువు, తెరవకపోతే పోయేది మా అన్నం. అది తేల్చుకునేలోపే ఆసామి వెళ్ళిపోయాడు. తర్వాత మా నాయన కూడా, ఎండ ఎక్కుతుందంటూ వెళ్ళిపోయాడు.

మా ఆయన సాయిబుగారి షెడ్డులోనే పనికి కుదిరాడు. ఆ పూట సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తలేదు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మా నాయన వచ్చాడు. ఆ బస్సులోనే వచ్చాడు. కొత్త డ్రైవరు ముందు సీటులో కూర్చోబెట్టాడట. మా ఊరి ప్రభకు కరెంటు దీపాలు వెలిగిన సంగతి దారంతా చెప్పుకుంటూ వచ్చాడట. "మా అల్లుడు పెట్టాడని చెప్పా. అందరూ నోళ్ళెళ్ళబెట్టారనుకో" అన్నాడు సంబరంగా.

మా ఆయన చేతుల మసి కడుక్కుని, మామ కాళ్ళకు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. "బండి బాగా నడుస్తుందా మామా? ఎక్కడన్నా ఆగిందా?" అని అడిగాడు.

"ఎక్కడా ఆగలా. భేషుగ్గా ఉంది."

మా ఆయన మొహం వెలిగింది. ఆ మొహంలో కోపం కోసం వెతికాను. రవ్వంత ఉన్నా నాకు తేలిగ్గా ఉండేది. లేదు.

ఇద్దరికీ పక్కపక్కన విస్తళ్ళు వేశాను. మా నాయన పప్పు కలుపుకుని నెయ్యి కోసం నా వైపు చూశాడు. గిన్నె చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం కదలలేదు.

"మామకి వెయ్యవే" అన్నాడు మా ఆయన మెల్లగా.

వేశాను. ఆ నాయన కూతురినైనందుకు సిగ్గుతో చచ్చిపోతూ వేశాను.